నోరెత్తని నాలుగు బాతులు

ఉద్యోగం కొత్త, ఊరు కొత్త, తెలివి మాత్రం పుట్టుకతోనే వచ్చిందని గట్టిగా నమ్మిన రోజులవి. ఘాజియాబాద్‌లో నాకూ నా రూమ్మేట్‌కూ గది దొరకడానికి నెలన్నర పట్టింది. ఏ ఇంటికెళ్లినా మొదటి ప్రశ్న నాన్‌వెజ్ తింటారా అనే. నిజం చెప్పిన ప్రతిచోటా గుమ్మంలోంచే వెనక్కి తిరిగాం. చివరికి ఒక ఆంటీ ఇంట్లో, నేను నేల చూపులు చూస్తూ, గుడ్డు కూడా ముట్టమని చెప్పేశాను. గుడ్డు పెంకు కనిపించిన రోజునే మీ సామాను వీధిలో ఉంటుందని చెప్పి, ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

రెండో నెలకే నాకు బాతుగుడ్ల పులుసు మీదికి మనసు పోయింది. మాది కొల్లేరు పక్క ఊరు, ఆ రుచి నాలుక మీద నుంచి పోదు. అక్కడేమో బాతుగుడ్డన్నది ఎక్కడా కనపడలేదు. పెరట్లో బోలెడు చోటుంది, మనమే పెంచుదామన్నాను. మా రూమ్మేట్‌ది నల్గొండ. ఏ పనిలోనూ చెయ్యి పెట్టకుండా అన్నిటినీ పర్యవేక్షిస్తాడు కాబట్టి వాణ్ణి సూపర్‌వైజర్ అనేవాణ్ణి. బాతుల సంగతి నీకేం తెలుసని వాడు అడిగితే నాకు రోషం వచ్చింది. వాటి మధ్యనే పెరిగానన్నాను. (పెరిగిన మాట నిజమే. వాటి గుడ్లు పులుసులో ఎలా ఉంటాయన్నది తప్ప నాకు మరేమీ తెలియదన్నదీ నిజమే.) ఆంటీకి మాత్రం, అవి మీ పాలకూర మడిలో పురుగుల్ని ఏరుకు తింటాయని చెప్పి ఒప్పించాను.

ఆదివారం సంతలో బాతులమ్మే అతను, చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నవాటిని నా ముందుకు నెట్టి, ఇవి తీసుకో భయ్యా అని ఒకటే పోరు. గోల చేసేవాటిని నాకు అంటగట్టాలని చూస్తున్నాడని అర్థమై లోలోపల నవ్వుకున్నాను. పైన ఆంటీ ఉన్న ఇంట్లో దొంగతనంగా గుడ్లు తీయాలంటే కావలసింది గోల లేని బాతు కదా. గంపలన్నీ గాలించి, ఎంత కదిపినా బొంగురుగా గుసగుసలాడటం తప్ప నోరెత్తని నాలుగింటిని ఏరుకున్నాను. అతను ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి నాకు నిద్ర కరువైంది. బాతు తెల్లవారుతుండగా గుడ్డు పెడుతుంది. ఆంటీ తులసికి నీళ్లు పోయడానికి ఆరింటికి దిగుతుంది. ఆ గుడ్డుకూ ఆవిడకూ మధ్య నేనుండాలి. ఐదింటికే లేచి, టార్చి పట్టుకుని, బాతుల గూడు ముందు స్టూలు వేసుకు కూర్చునేవాణ్ణి. మెట్ల మీద చిన్న అలికిడైనా టార్చి ఆర్పేసేవాణ్ణి. నానబెట్టిన గోధుమలు, ఎండుగడ్డి, టబ్బు నిండా నీళ్లు, దేనికీ లోటు చేయలేదు. అయినా నవంబరు పోయింది, డిసెంబరూ పోయింది. సూపర్‌వైజర్ దుప్పట్లోంచే "పెట్టిందా రా?" అనేవాడు. లేదంటే, "పెడ్తదిలే, గింత తొందరేంది" అని మళ్లీ ముసుగు తన్నేవాడు.

జనవరిలో ఒకరోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, చాపిన చెయ్యి నాకే కనపడలేదు. టార్చి వేస్తే గడ్డి మధ్య తెల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆంటీ ఆ రోజు ముందే దిగుతోంది. ఉన్ని గ్లవుజులతోనే దాన్ని లాక్కుని స్వెట్టర్లో దోపుకున్నాను. అది పగిలితే ఇంకేమైనా ఉందా? వీధిలో మా సామాను, మళ్లీ గుమ్మం గుమ్మం తిరగడం కళ్ల ముందు కనపడ్డాయి. ఆవిడ దగ్గరికొచ్చి నా పొట్ట వంక చూసి లోపలేముందని అడిగింది. ఏమీ లేదన్నాను. తియ్యమంది. తీశాను.

చెక్కు తీసిన షల్గమ్, ముల్లంగి లాంటి గుండ్రటి దుంప. ముందురోజు సాయంత్రం బాతులకని ఆవిడే వేసిందట.

ఆవిడ గట్టు మీద కూర్చుని, తన హిందీలో మెల్లగా చెప్పింది. "బేటా, ఈ నాలుగూ మగవే. గట్టిగా అరిచేది ఆడబాతు. మగదానికి గొంతు లేవదు, తోక మీద ఈకలు ఇలా మెలి తిరిగి ఉంటాయి. మా పుట్టింటి దగ్గర గుంట నిండా బాతులే. నువ్వు తెచ్చిన రోజే చూశాను. అందులో ఒక్క ఆడది ఉన్నా ఆ సాయంత్రమే నిన్ను పంపించేసేదాన్ని."

మరి ఇన్నాళ్లూ నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే వెళ్లి ఆడవాటిని తెచ్చేవాడివి. అప్పుడు నిన్ను పంపించేయాల్సి వచ్చేది," అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మొదటి రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆవిడ అది విననట్టే, మంచులో కూర్చుంటే జలుబు చేస్తుంది, పైకొచ్చి చాయ్ తాగమంది. ఆ తర్వాత మూడేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాం, బాతులతో సహా. ఇప్పుడు తలుచుకుంటే, ఆ చలిలో వణుకుతూ కాపలా కాసిన కుర్రవాడి మీద నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఒక మనిషి తనను ఇంట్లో ఉంచుకోవడానికే మూడు నెలలుగా ఏమీ ఎరగనట్టు నటిస్తోందని వాడికి తెలియదు, పాపం.