అక్క సంచీ, మాస్టారి గడియారం

మెట్ల కింద బీరువా అంత కొట్టులో ముప్పై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాడాయన. బాగుచేసిన ప్రతి గడియారాన్నీ ఒక రోజంతా తన చేతికి కట్టుకుని తిరిగితే గాని సొంతదారుకి ఇవ్వడు. "బల్లమీద అన్నీ బుద్ధిమంతులే. మనిషితో నడిస్తేనే అసలు గుణం బయటపడేది" అంటాడు.

కొండెక్కే రోజున ఆయన చేతికి ఉన్నది ఒక స్కూలు మాస్టారి పాత కీ గడియారం.

"పెళ్ళినాడు కూడా ఎవరిదో గడియారమే కట్టుకొచ్చాడమ్మా మీ నాన్న" అంది భార్య, కూతురితో.

ఆ ప్రయాణం అక్క కోసం. తమ్ముణ్ణి పనిలో పెట్టి నిలబెట్టింది ఆవిడే. లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ బల్లకి ఎదురుగా ఉన్న కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. దానిమీద సరస్సు ఉందని అందరూ చెప్పేవాళ్ళే గాని ఆవిడ ఏనాడూ చూసింది లేదు. పై నెలలో ఆపరేషన్. ఆ తర్వాత ఇంట్లో నడవచ్చుగాని కొండలు మర్చిపోవాలని డాక్టరు తేల్చేశాడు.

"అయితే ముందే ఎక్కేస్తాను" అంది అక్క.

"అక్కడ ఫోన్లు మోగి చావవు, బరువెందుకు? టైము నేను చెప్తాగా" అని ఆయనే అందరి ఫోన్లూ ఇంట్లో పెట్టించాడు. తిరిగి రావడానికి ఒకటే బస్సు, నాలుగింటికి. అక్క కాళ్ళతో దిగడానికి రెండు గంటలైనా పడుతుంది. ఎక్కడున్నా సరే, రెండింటికి వెనక్కి తిరగాలి. అదీ ఒప్పందం.

తొమ్మిదింటికి నడక మొదలైంది. నాలుగడుగులు వేయకముందే అక్క చేతిసంచీ లాక్కుని తన మణికట్టుకి తగిలించుకున్నాడు. "ఇందులో రాళ్ళేమైనా మోస్తున్నావా అక్కా?"

"నీ తిండిరా, తిండిపోతా!"

ఆవిడ పది అడుగులకొకసారి ఆగుతూ, వదినా మరదళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ ఎక్కారు. పై నుంచి దిగుతున్న ఒకాయన పెద్ద బండ చూపించి, "సరస్సు దాని వెనకాలే. ఇంకో పదిహేను నిమిషాలు" అన్నాడు.

తమ్ముడు గడియారం చూశాడు. సరిగ్గా రెండు.

"నాన్నా, పదిహేను నిమిషాలేగా!" అంది కూతురు.

"వెళ్ళి రావడానికి అరగంట. బస్సు పోతే అత్తని ఎవరు మోస్తారు?"

అక్క బండ వైపు ఒకసారి చూసింది. "వాడు చెప్పాడంటే అంతే అమ్మాయ్. పదండి" అని ముందుగా ఆవిడే తిరిగింది.

కింద బస్సు ఆగేచోట టీకొట్టు దగ్గరికి ఆదరాబాదరాగా చేరేసరికి ఆయన చేతి గడియారంలో నాలుక్కి పది తక్కువ. కొట్టు గోడ గడియారంలో మూడు కూడా కాలేదు. మూడుకి పావు తక్కువ.

"నీ గడియారం ఆగిపోయినట్టుందయ్యా" అన్నాడు కొట్టు యజమానితో, వృత్తి మర్యాదతో.

"ఆగడమేంటండీ, ఇప్పుడే రేడియోలో రెండూ నలభై అయిదు వార్తలు మొదలయ్యాయి, వినండి."

విన్నాడు. బల్లమీద చెయ్యి ఆనించాడు. సంచీ మూత గడియారం అంచుకి టక్కున అతుక్కుంది.

అయస్కాంతం గుండీ. దాని పక్కనుంటే గడియారం లోపలి సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, ముళ్ళు పరుగెడతాయి. వచ్చిన ప్రతివాడికీ తను చేసే హెచ్చరికే అది. పొద్దుటి నుంచీ ఆ గుండీ మణికట్టు మీదే ఊగుతోంది. కొండమీద రెండు అనుకున్నప్పుడు నిజానికి ఒంటిగంట దాటి పదే నిమిషాలు. చూసి, కూర్చుని, తీరిగ్గా దిగినా సరిపోయేది.

భార్య గోడ వైపు చూసి, ఆయన మొహం చూసింది. కూతురు కొండకేసి తిరిగి నిలబడింది.

"ఏమైందిరా?" అంది అక్క, రెండు మోకాళ్ళూ పట్టుకుని.

"గడియారం... తప్పు చూపించిందక్కా. ముందుకెళ్ళింది."

"ఎంత?"

"గంట పైనే."

"ఎందుకలా?"

నిజం నోటిదాకా వచ్చింది. సంచీ వల్ల అంటే, ఆ సంచీ నాదేగా, మోయించింది నేనేగా అని అక్క జీవితాంతం తనని తానే తప్పుపట్టుకుంటుంది. "పాతదిగా" అన్నాడు.

కొండ ఎదురుగానే ఉంది. ఆ కాళ్ళు ఇక పదడుగులు కూడా ఎక్కలేవు. బస్సుకి ఇంకా గంటంపావు.

"నీళ్ళు ఏ రంగులో ఉంటాయంటావురా?" అంది అక్క.

"తెలీదక్కా. నేనూ చూళ్ళేదుగా."

ఆవిడ చెయ్యి చాచింది. "ఆ సంచీ ఇటివ్వు. పొద్దుటి నుంచీ మోశావు, చాలు."

ఆయన ఇవ్వలేదు. రెండో చేతికి మార్చుకున్నాడు.