తోక దొరికిన పొలం

ఇంగ్లండులోని నార్‌ఫోక్ పల్లెల్లో ఇంటి ముందు తలుపు పెళ్లికూతురికీ, శవానికీ తప్ప తియ్యరు. ఆ సంగతి ఎరిగినవాడు గనకే క్లిఫర్డ్ లార్టర్ దొడ్డి తలుపు తట్టాడు. టోపీ చేతిలో, బిస్కెట్ల డబ్బా చంకలో. లోహం పసిగట్టే యంత్రం పట్టుకుని, మట్టిలో పాతకాలపు నాణేలూ నగలూ వెతకడం అతని వ్యసనం. ఎవరి పొలంలో యంత్రం తిప్పాలన్నా ఆ ఆసామి అనుమతి కావాలి. దాన్ని రాబట్టడంలో అతణ్ణి మించినవాడు లేడు.

తలుపు తీసిన మేవిస్ గెడ్జ్‌కి ఎనభై ఒకటి. ఆ చప్పుడు కోసం ఆవిడ పదకొండేళ్లు కాచుకుంది. పోయిన ఆదివారం చర్చి దగ్గర, పొడుగు చెక్క అనే తమ పొలంలో నాగలికి వెండి ముక్క తగిలిందని ఇద్దరి చెవిన వేసింది. ఆ ఇద్దరికీ చెబితే టముకు వేయించినట్టే.

పదకొండేళ్ల కిందట ఇదే గుమ్మంలో ఆవిడ మొగుడు వాల్టర్ ఇతనికి అనుమతి ఇచ్చాడు. కాగితం లేదు, కలం లేదు. చేతిలో చెయ్యి వేశాడు, అంతే. వాల్టర్ చెయ్యి వేస్తే రాతకోతలు అక్కర్లేదని ఊరంతా ఎరుగును. నెల్లాళ్లు తిరిగి, "అన్నీ గుండీలూ తుప్పు మేకులేనండీ" అని చెప్పి క్లిఫర్డ్ వెళ్లిపోయాడు. తరవాత పేపర్లో ఫొటో పడింది. పక్క ఎస్టేటు హాలిస్ దొర, అతని పక్కన క్లిఫర్డ్, మధ్యలో బట్టకి గుచ్చుకునే వెండి బ్రోచ్, విరిగింది, పక్షి తల ఉన్న ముక్క. హాలిస్ గుట్ట మీద దొరికిందట. దొరకి రెండువేల ఎకరాలు ఉన్నాయి మరి, ఆయన్ని మెప్పిస్తే అన్నిట్లోనూ యంత్రం తిప్పుకోవచ్చు. వాల్టర్ దగ్గర ఏముంది, టీ నీళ్లు.

క్లిఫర్డ్ మోకాళ్ల మీద కూచుని ఆ తలని రుమాల్లో చుట్టుకోవడం వాల్టర్ ట్రాక్టరు మీంచి చూశాడు. అదే మాట పబ్బులో అన్నాడు. "ఏం వాల్టర్, పిట్ట నీ పొలం నించి ఎగిరిపోయిందా?" అని నవ్వారు. వాల్టర్ మళ్లీ ఆ పబ్బు గడప తొక్కలేదు. మూడో చలికాలంలో, ప్రాణం పోయేముందు కూడా, "నేను చూశాను మేవిస్" అనే అన్నాడు.

"కూచో నాయనా" అంది మేవిస్. టీ పోసి, ఆవాల డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. లోపల దూది మీద వెండి తోక.

క్లిఫర్డ్ డబ్బా మీదకి వంగాడు. "దానిదే ఇది."

"దేనిది?"

అతను తను తెచ్చిన బిస్కెట్ల డబ్బా ఆవిడ ముందుకి జరిపాడు.

"హాలిస్ గుట్ట ఇక్కడికి మైలు. తల అక్కడ, తోక ఇక్కడ. మెడ కోసిన కోడి కూడా అంత దూరం పరిగెత్తదు, క్లిఫర్డ్."

"పాత సంగతులు ఎందుకు లెండి, మిసెస్ గెడ్జ్. మధ్య ముక్క ఇంకా మట్టిలోనే ఉంటుంది. విత్తనం వెయ్యడానికి పది రోజులుంది. మీరు ఊఁ అంటే..."

"ఏదీ నీ అనుమతి కాగితం?"

ఈమధ్య ఆసాముల చేత సంతకం పెట్టించుకునే అచ్చు కాగితం జేబులోంచి తీసిచ్చాడు. ఆవిడ పెన్సిలుతో, వంకర అక్షరాలతో, కింద ఒక వరస రాసింది: ఈ పొలంలో ఇదివరకు నాకు దొరికినవి.

"నాకు రాత అంతంత మాత్రం. నువ్వే నింపు. నింపితే చదువుతాను."

క్లిఫర్డ్ తోక వైపు చూశాడు. కాగితం వైపు చూశాడు. ముసలిదాని ఆవాల డబ్బాలో పడుండే కాగితమేగా అనుకున్నాడు. మధ్య ముక్క అతని కళ్ల ముందు మెరుస్తోంది. రాశాడు: వెండి బ్రోచ్, పక్షి తల, పొడుగు చెక్క, తేదీ. కింద సంతకం గీశాడు.

మేవిస్ ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివింది. మడిచి జాకెట్లో దోపుకుంది.

"మీ సంతకం ఉండిపోయింది" అన్నాడు క్లిఫర్డ్.

"చదువుతానన్నాను. సంతకం పెడతానన్నానా?"

అతని మొహం ఉడికిన బీట్‌రూట్ అయింది. "పోనీ, చెయ్యి కలపండి. మీ ఇంట్లో అది చాలుగా" అని చెయ్యి చాపాడు.

ఆవిడ ఆ చేతిని ఎగాదిగా చూసింది. "అది వాల్టర్ దగ్గర వాడేశావు."

లేచి ముందు తలుపు తీసింది. గడియకి పొద్దున్నే నూనె వేసి ఉంచింది కాబట్టి కిర్రుమనలేదు. "వాల్టర్‌ని ఇటే తీసుకుపోయారు. నువ్వూ ఇటే పో. ఈ ఇంటికి ఇక నువ్వు లేనట్టే."

క్లిఫర్డ్ టోపీ పెట్టుకోవడం కూడా మరిచి వెళ్లిపోయాడు. అతని బిస్కెట్లు కోళ్లకి నలిపి వేసి, మేవిస్ తన మంచి కోటు తొడుక్కుంది. ఆవాల డబ్బా సంచిలో పెట్టింది. మ్యూజియంలో ఆ పక్షి తల పక్కన గాజు కింద ఉన్న చీటీ మీద హాలిస్ పేరు కొట్టేసి వాల్టర్ గెడ్జ్ అని రాసేదాకా అక్కడి కుర్చీలోంచి లేవనని బస్సు డ్రైవరుతో చెప్పింది. ఆ తరవాత పబ్బు దగ్గర దిగుతానని కూడా చెప్పింది.