పడవ ఒడ్డుకి చేరిందాండీ

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళి ఫ్యాన్ కింద పడుకునే రకం నేను. కంప్యూటర్ చదువు చదివినదాన్ని, లెక్కకి అందనిదేదీ నాకు పట్టేది కాదు. ఇదొక్కటి మాత్రం ఇంకా అందలేదు.

అమలాపురంలో మా వీధి లైబ్రరీకి పుస్తకాలు వెతుక్కునే వెబ్‌సైట్ ఉంది. దాన్ని బాగుచేసే పని నా మీద పడింది. ఎవరు ఏం వెతికారో, ఏది దొరక్క వెళ్ళిపోయారో అందులో నమోదవుతుంది. లాగ్ అంటాం. రోజూ అది చదివేదాన్ని.

చదువుతుంటే నవ్వాగేది కాదు. మనవాళ్ళు పుస్తకం పేరు కొట్టరు. "నీలం అట్ట వంటల పుస్తకం ఉందాండీ" అని కౌంటర్ దగ్గర అడిగినట్టే అడుగుతారు. ఆ మర్యాద అర్థంకాక కంప్యూటర్ ఏమీ లేదనేస్తుంది. లైబ్రేరియన్ గారితో అంటే, "వట్టి పేరు కొట్టేస్తే ఏం బావుంటుందండీ?" అన్నారు. ఇక చేసేదేముంది, అట్టల మీది బొమ్మల వివరాలు కూడా ఎక్కించడం మొదలుపెట్టాను.

అప్పుడే లాగ్‌లో ఒకటి కనిపించింది. "ఎర్ర గొడుగు పడవ పుస్తకం ఉందాండీ." మర్నాడు, "పడవ ఒడ్డుకి చేరిందాండీ." ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అదే ప్రశ్న.

అలాంటి పుస్తకం మా మేనత్త దగ్గర ఉండేది. వరద నీళ్ళలో నాని చివరి పేజీలు పోయాయి. చిన్నప్పుడు నాకు చదివి వినిపిస్తూ ముగింపు రోజుకో రకంగా కల్పించేది. ఒకరోజు పడవ చేపలతో కబుర్లాడేది, ఇంకోరోజు చందమామ దగ్గర ఆగేది. నిజంగా ఏమైందని అడిగితే, "నాకూ తెలీదే" అని కిటికీలోంచి కాలవకేసి చూసేది.

ఇప్పుడు అత్తయ్య మా ఇంట్లోనే మంచం మీద ఉంది. పక్షవాతంతో మాట పడిపోయింది, చేతులు లేవవు. ఒక్క మాట వినాలని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నాం. మధ్యాహ్నమైతే కునుకు తీస్తుంది.

ఎవరో ఆటపట్టిస్తున్నారేమోనని లాగ్ అంతా తిరగేశాను. ఆ ప్రశ్నలు వస్తున్నది లైబ్రరీలోని పాత కంప్యూటర్ నుంచి. అదేమో రిపేరు షాపులో విప్పదీసి పడుంది. వెళ్ళి కళ్ళారా చూసొచ్చాను.

రాజోలు నుంచి ఎవరో ఇచ్చిన పుస్తకాల కట్ట విప్పి అట్టలు చూస్తుంటే ఎర్ర గొడుగు కనిపించింది. చివరి పేజీలు ఉన్నాయి. చదవకుండానే ఇంటికి పరిగెత్తాను.

అత్తయ్య పక్కన కూర్చుని మొదటినుంచీ చదివాను. కొబ్బరాకుల నీడ గోడమీద ఊగుతోంది. గది గదంతా నీళ్ళమీద తేలుతున్నట్టనిపించింది. చివరి పేజీలో పడవ ఒడ్డుకి చేరలేదు. ఏటి మధ్యనున్న లంకే మెల్లగా కదిలి పడవ దగ్గరికి వచ్చింది.

అత్తయ్య కళ్ళు విప్పి, మా వైపు అవునండీ అనడానికి అన్నట్టే, స్పష్టంగా, "ఆయ్" అంది. నేను భోరుమన్నాను.

లాగ్‌లో ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు. అత్తయ్యకి మాటా మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ కథ చివర ఏమైందో అత్తయ్య విని వెళ్ళింది. నాకది చాలు.