ధనధ్రువం దగ్గర స్టీలు తీగ

మేడ్చల్ మెట్టపొలాలు ప్లాట్లుగా చీలి, శామీర్‌పేట రాళ్లగుట్టల నడుమ అద్దాల ప్రయోగశాలలు లేచి, నాగలి పట్టిన చేతులే గాజుపాత్రలు కడగడం నేర్చిన ఈ పాతికేళ్లలో, రావల్కోల్ నరసింహ ఒక విత్తన పరీక్షశాలలో జెల్ తొట్లు సిద్ధంచేసే పనిని నిత్యపూజంత నిష్ఠతో చేస్తూ వచ్చాడు.

తొట్టి నిండా ఉప్పునీళ్లు, నడుమ గంజిలా గడ్డకట్టిన జెల్ పలక, రెండు కొసలా రెండు తీగలు. కరెంటు పారితే విత్తనపు డీఎన్‌ఏ ఋణధ్రువాన్ని విడిచి ధనధ్రువం వైపు సాగుతుంది. తల్లి గీత, తండ్రి గీత విడివిడిగా నిలిస్తే హైబ్రిడ్ విత్తనం నిజమైనదని తీర్పు.

సోమవారం ధనధ్రువపు ప్లాటినం తీగ తెగింది. నరసింహ అల్వాల్ హార్డ్‌వేర్ దుకాణంలో స్టీలు తీగ కొని బిగించాడు. ఇరవయ్యేళ్లుగా చింతపండు పులుసు కాగినా చెడని గిన్నెలను ఇంట్లో చూస్తున్నవాడు. ఈ ఉప్పునీళ్లొక లెక్కా అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం తీగ చుట్టూ నీళ్లు పసుపు తిరిగాయి. ఆపై తుప్పురంగు మెల్లగా పాకింది.

కొంపల్లి నుంచి వచ్చే శాస్త్రవేత్త శ్రీదివ్య జెల్‌ను దీపం కింద పెట్టి పెదవి విరిచింది.

"అంచున కొలతగీతలు బాగానే ఉన్నాయి. మధ్యలో అంతా ఒకటే మచ్చ. మీ ఊరి మొక్కజొన్న విత్తనాల లాటేనండీ ఇది! మీవాళ్లు పుప్పొడికోసం వేసే మగ వరుసలు వెయ్యడం మరిచిపోయారా ఏంటి? నకిలీ అని రాసేస్తున్నా."

ఆ విత్తనం పండించిన తన ఊరి నలభై ఇళ్ల ఏడాది కష్టం ఆ కలం మొనన ఉంది. నోరు విప్పితే తన కొలువు పోతుంది.

"మేడం, జర ఆగుండ్రి. సంతకం జెయ్యకుండ్రి. గా తీగ ప్లాటినంది గాదు. స్టీలుది. నేనే బిగించిన. పులుసు గిన్నెనే ఖరాబ్ గాదు, గిదేం గాదనుకున్న."

శ్రీదివ్య తొట్టిలోకి వంగింది. తీగ నడుమ సగం కరిగిపోయి ఉంది.

"గిన్నెలో కరెంటు పారదు కదండీ! ఇనుము ఊడి నీళ్లలో కలిసింది. మధ్యలో డీఎన్‌ఏ నడకే చెడింది." ఆమె రిజిస్టరు తిరగేసింది. "నిన్నటి లాటు నకిలీ అని పంపేశాను."

"గదెవలది మేడం?"

"పక్క మండలం రైతులది."

నకిలీ అన్న విత్తనం కోళ్లదాణా మిల్లుకు పోతుంది. ఆమె అక్కడికి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"సగం మరలో పడిందట," అంది.

నరసింహ మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టాడు. ఆమె దాన్ని తీసుకోలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

నిజం చెప్పిన ఆ మనిషిని దైవం విడువకుండుగాక! అతనికి ఆయుష్షు, ఇల్లాలు లక్ష్మమ్మకు ఐదవతనం, పిల్లలకు విద్య, ఆ గడపకు అన్నం తరగకుండుగాక!