కాళ్లు కడిగేవాళ్లు లేని తీజ్

మా తండాలో ఈసారి తీజ్ పండుగ జరిగిందంటే అది మా అమ్మ మొండితనం వల్లే. పెళ్లికాని పిల్లలు ముగ్గురంటే ముగ్గురు, వీళ్ల కోసం పండుగేమిటని తండా పెద్దమనిషి మొదట ఒప్పుకోలేదు. అమ్మ ఆయన గుమ్మం ముందు కూర్చుని లేవనంది. చచ్చేలోగా మనవరాలి నెత్తిన గోధుమ నారు బుట్ట చూడాలని ఆమె కోరిక. ఆ మనవరాలు నా కూతురు. నాకు ఒక్కతే.

మాది గంగారం దగ్గర లంబాడా తండా. శ్రావణంలో ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాటలు పాడతారు. నా చిన్నప్పుడు ఆ బుట్టలకు పందిరి చాలేది కాదు. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలు, వాళ్లూ హాస్టళ్లలో. నా కూతురు జనగామలో ఇంటర్ చదువుతోంది. సెలవు దొరక్క చివర్లో వచ్చింది. అన్నాళ్లూ దాని బుట్టకు మా అమ్మే నీళ్లు పోసింది.

నేను మహబూబాబాద్‌లో నర్సును. ఒక్క కాన్పుతో ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు మా అత్త ఏడ్చింది. అమ్మ తిట్టి తిట్టి, చాలాకాలం నా గడప తొక్కలేదు. నా ఒళ్లు, నా జీతం, నా ఇష్టం అని గట్టిగానే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ప్రసూతి వార్డులో పనిచేసేదానికి కాన్పుల గొప్పతనం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఆఖరి రోజు నారును వాగులో కలిపాం. అప్పుడు అన్నదమ్ములు ఆడపిల్ల కాళ్లు కడిగి, ఓదార్చి, ఇంటికి తీసుకురావాలి. ఎప్పటికైనా అత్తారింటికి పోయే పిల్ల కదా అని అందరూ ఏడ్చే వేళ అది. మిగతా ఇద్దరికీ తమ్ముళ్లున్నారు. నా కూతురు బురద కాళ్లతో ఒంటరిగా నిలబడింది. చుట్టూ చూసి, మా అన్న కొడుకు దగ్గరికి వెళ్లి, "అన్నయ్యా, నువ్వు కడుగు" అంది.

ఇక చూడాలి నవ్వులు! మేనమామ కొడుకు వరసకు బావ, పెళ్లాడదగ్గవాడు. వాడు సిగ్గుతో గట్టెక్కి పారిపోయాడు.

"గిదేం సదువే పిల్లా, బావను పట్టుకొని అన్న అంటున్నవు?" అని ఒక ముసలావిడ పకపకలాడింది.

హాస్టల్లో పెద్దవాళ్లందరినీ అన్నయ్యా అని పిలిచే పిల్లకు ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. నా వైపు తిరిగి, "నాకెవ్వరూ లేరా అమ్మా?" అంది.

మా అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్లలోకి దిగింది. మోకాళ్ల మీద కూర్చుని మనవరాలి కాలు తన తొడ మీద పెట్టుకుంది.

"నువ్వు కడుగుడేందే ముసల్దానా, గిది మన పద్ధతేనా?" అని పెద్దమనిషి గొణిగాడు.

"నీ పద్ధతి నీకాడ్నే పెట్టుకో," అంది అమ్మ.

ఎక్కడ జారిపడుతుందోనని నేనూ దిగి ఆమె భుజం పట్టుకున్నాను. అమ్మ, మనవరాలికి సరిగా రాని మా లంబాడీ భాషలో, తల ఎత్తకుండానే, నాకొక్కదానికే వినబడేలా అంది.

"నువ్వు చేసింది తప్పేం గాదు బిడ్డా. ఇన్నేండ్లు ఊకె తిట్టిన. నన్ను గూడ ఎవలన్న ఒక్కమాట అడిగుంటే, ఇద్దరితోనే ఆపుకునేదాన్ని."

ఎన్నో ఏళ్లుగా ఆమె నోట వినాలనుకున్న మాట అది. విన్నాక ఏడుపు ఆగలేదు. అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని గట్టెక్కింది.

నేను ఆమెకు నాలుగోదాన్ని.