గోలు వెనక అత్తగారు

మా అత్తగారు పోయారు. మధ్యాహ్నం అన్నం తిని, మజ్జిగ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. నేను సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసు మీటింగులో ఉండగా మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అమ్మ లేవట్లేదు" అన్నాడు. ఆ క్షణాన నాకేం తోచిందో చెబితే మీరు తిట్టుకుంటారు. 'అయ్యో, మేమింకా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదే!' అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

ఆ మాట ఎందుకు తోచిందో తెలియాలంటే సైకిల్‌బాల్ గురించి కాస్త చెప్పాలి. జట్టుకి ఇద్దరు. సైకిల్ దిగకుండా బంతాట ఆడాలి. బంతిని కాలితో తన్నకూడదు, చక్రంతోనే కొట్టాలి. సైకిలుకి బ్రేకులుండవు, హ్యాండిల్ గేదె కొమ్ముల్లా పైకి లేచి ఉంటుంది. గోలు కాసేవాడు మాత్రం చేతులు వాడొచ్చు. కాలు నేలకి తగిలిందా, ఇక బంతి జోలికి పోకూడదు. సొంత గోలు వెనక గీత దాటి వచ్చాకే మళ్ళీ ఆట.

ఇది మా బావమరిది జర్మనీలో చదువుకునేటప్పుడు అంటించుకొచ్చిన జబ్బు. "బావా, నువ్వు ఊరికే గోల్లో కూర్చుంటే చాలు" అని నన్నూ దించాడు. ఈ టోర్నమెంట్లు ఏటా నాలుగైదు దేశాల్లో విడతలుగా జరుగుతాయి. ఈసారి ఆఖరి విడత సింగపూర్‌లో పెట్టారు. ఆతిథ్యమిచ్చే ఊరు కాబట్టి ఇక్కడి జంట ఒకటి సీజనంతా ఆడాలన్నారు. ఊరు మొత్తం గాలిస్తే ఈ పిచ్చి ఉన్నవాళ్ళం మేమిద్దరమే తేలాం. అలా పొట్టలేసుకుని అంతర్జాతీయ క్రీడాకారులమైపోయాం.

మా అత్తగారు కాకినాడ దగ్గర పాత పద్ధతుల ఇంట్లో పెరిగారు. అల్లుడి ఎదురుగా నిలబడకూడదు. అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు. అల్లుడి ముందు కూర్చుని తినడమా, రామరామ! సింగపూర్ వచ్చాక బూన్ లేలో కొడుకు దగ్గర ఉండేవారు. వారం వారం రైలెక్కి బిషాన్‌లో మా ఫ్లాటుకి వచ్చి, వండి, వంటింటి తలుపు వెనక్కి తప్పుకునేవారు. "అమ్మాయ్, అల్లుడుగారికి ఇంకో రెండు గారెలు వెయ్యి" అని అక్కణ్ణించి వినపడేది. ఆ అమ్మాయి, అంటే మా ఆవిడ, పక్కన లేకపోతే అదే మాట ఫ్రిజ్‌కి చెప్పేవారు. నేను లేచి వెళ్ళి గారెలు వేసుకునేవాణ్ణి.

నాకు మా అమ్మ ఊహ తెలియకముందే పోయింది. ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుని, తను తింటూ నన్ను తినమంటే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని నా కోరిక. ఒకరోజు సిగ్గు విడిచి అడిగేశాను, "అత్తయ్యగారూ, మీరూ వచ్చి కూర్చోండి" అని. తలుపు వెనక గిన్నెలు సర్దిన చప్పుడైంది. ఆ తర్వాత ఫ్రిజ్‌కి చెప్పారు.

"అల్లుడుగారిని ముందు ఒక్క మ్యాచ్ గెలవమను. ఆ పూట ఎదురుగా కూర్చుని మరీ తింటాను."

మా ఆవిడ పగలబడి నవ్వింది. "మా అమ్మ ఎంత తెలివైందో చూశారా? జన్మలో కూర్చోనక్కర్లేదు!"

మ్యాచ్‌లకి మాత్రం ఆవిడ తప్పకుండా వచ్చేవారు. అందరూ పక్కన మెట్ల మీద కూర్చుంటే ఆవిడ మా గోలు వెనక, అడ్డు చెక్కలకవతల నిలబడేవారు. నేను గోల్లో ఉంటాను గనక నాకు ఎదురుపడకుండా ఉండాలంటే అదొక్కటే చోటు. సగం ఆట అయ్యాక మేం అటు మారితే, సంచీ సర్దుకుని హాలు చుట్టూ తిరిగి ఆవిడా అటు వచ్చేవారు. కొడుకునైతే అక్కణ్ణించే చెడామడా దులిపేసేవారు. "ఒరేయ్ సన్నాసీ, కొట్టరా! దేనికోసం చూస్తున్నావ్, ముహూర్తం కోసమా?" వాడు టైరు బాలేదన్నాడా, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే" అనేవారు.

నాతో వ్యవహారం వేరు. నేను మాటిమాటికీ కాలు కింద పెట్టేవాణ్ణి. గీత దాటడానికి గోలు వెనక్కి వెళ్ళేసరికి ఆవిడ గబుక్కున గోడవైపు తిరిగి, గోడతో చెప్పేవారు. "కుడివైపు ఖాళీగా వదిలేస్తున్నారు. కాస్త చూసుకోమను." ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ నేను "అలాగేనండీ" అని వచ్చి, మళ్ళీ ఎడమవైపే ఒరిగేవాణ్ణి. జపాన్‌లో మమ్మల్ని బట్టలుతికినట్టు ఉతికారు. దిగాలుగా బయటికొస్తుంటే ఆవిడ మా బావమరిది వైపు తిరిగి, "అల్లుడుగారికి చెప్పరా, పడలేదుగా, అదే పదివేలు" అన్నారు. ఆవిడ ఓదార్పు అలా ఉండేది.

ఆ జపాన్ హాల్లోనే ఆవిడ మాకోసం బెంచీల మీద వరసగా టిష్యూ ప్యాకెట్లు పెట్టి ఉంచారు. హాలంతా ఖాళీ, కూర్చునేవాడు లేడు. తిండి దుకాణాల హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి కుర్చీ 'చోప్' చేసుకునే, అంటే ముందే పట్టి ఉంచుకునే, సింగపూర్ అలవాటు ఆవిడకి వచ్చిన పూటే నచ్చేసింది. "ఇదే మనూళ్ళో అయితే ప్యాకెట్టూ ఉండదు, కుర్చీ ఉండదు" అనేవారు.

ఆటలో కాలు కింద పెట్టే రూలు కూడా ఇంటికి తెచ్చుకున్నారు. మా అమ్మాయి ఎదురు చెప్పిందంటే, "కాలు కింద పెట్టావ్, గీత దాటి రా" అని గుమ్మం అవతలికి పంపేవారు. అది నవ్వుకుంటూ వెళ్ళొచ్చి మళ్ళీ మామూలుగా మాట్లాడాలి. ఒకసారి ఆవిడే దేనికో మా ఆవిడ మీద గట్టిగా అరిచారు. అరిచి, ఒక్క క్షణం ఆగి, చెప్పులేసుకుని తలుపు తీసుకుని కారిడార్‌లోకి వెళ్ళి, తిరిగొచ్చారు. "ఆఁ, ఏమంటున్నానూ... పప్పులోకి మామిడికాయ ఉందా?" అన్నారు. అంత హాయిగా తప్పు దిద్దుకునే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆఖరి విడత దగ్గరపడింది. ఊళ్ళోంచి పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "ఏడాది తిరక్కుండా ఆటలేమిటర్రా?" అన్నారు. మా బావమరిది గుండు తడుముకుంటూ కూర్చున్నాడు. నేనూ సైకిలు మూలన పెట్టేశాను. మా ఆవిడే లేచింది.

"గెలిస్తే కూర్చుంటానని మా అమ్మ మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ముందు మీరు గెలిచి చావాలిగా? పదండి!"

సింగపూర్‌లోనూ మొదట అలవాటు ప్రకారం ఓడుతూ వచ్చాం. ఆఖరి మ్యాచ్ మలేషియా జంటతో. వాళ్ళూ మా బాపతే, కాబట్టి చివరి నిమిషం దాకా సమానంగా ఉన్నాం. అప్పుడు కాలు కింద పెట్టాను. తిట్టుకుంటూ గీత దాటాను. దాటి, అలవాటుగా గోలు వెనక సైకిలు నిలబెట్టేసి, గోడవైపు చెవి పెట్టాను. గోడ ఏమీ అనలేదు. మ్యాచ్ జరుగుతోందన్న సంగతే మర్చిపోయాను.

అటు ఒక్కడే గోలు కాస్తున్న మా బావమరిది వెనక్కి తిరిగి చూశాడు. తిడతాడనుకున్నాను.

"బావా! ఏమందీ అమ్మ?" అని అరిచాడు.

"కుడివైపు ఖాళీట్రా!" అన్నాను.

"అయితే వచ్చి కాయి, మహానుభావా!"

వెళ్ళి కుడివైపు ఒరిగాను. బంతి అటే వచ్చింది. ఒడుపుగా పట్టానని చెప్పను, వచ్చి చేతుల్లో పడింది. దాన్ని వాడి ముందుకి విసిరాను. వాడు ముహూర్తం చూసుకోకుండా కొట్టాడు. గోల్!

మెడలో పతకం లేదు, ఏం లేదు. సీజను మొత్తానికి ఒకే ఒక్క గెలుపు, ఆఖర్నుంచి రెండో స్థానం. చెమట బట్టలతోనే నలుగురం బిషాన్ హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. శనివారం సాయంత్రం, ఇసుక వేస్తే రాలనంత జనం. ఎలాగో ఒక బల్ల దొరికింది. మేం సర్దుకునేలోపే మా అమ్మాయి అమ్మమ్మ సంచీలోంచి ఒక టిష్యూ ప్యాకెట్ తీసి నా ఎదురు కుర్చీలో పెట్టింది. ఎవరూ దానికి చెప్పలేదు. మా బావమరిది వెళ్ళి అందరికీ దోసెలతోపాటు, ఆవిడ తాగే తీపి తక్కువ కొపి, అదే ఇక్కడి కాఫీ, ఒకటి తెచ్చి ఆ కుర్చీ ముందు పెట్టాడు.

ట్రే పట్టుకుని చోటు వెతుక్కుంటున్న ఒక పెద్దాయన ఆ కుర్చీ చూపించి, ఖాళీయేనా అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"సారీ అంకుల్, దిస్ వన్ చోప్ ఆల్రెడీ లా" అంది మా అమ్మాయి. "మై అమ్మమ్మ సిట్టింగ్."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఫ్యాను గాలికి కుర్చీలో టిష్యూ ప్యాకెట్ అంచు రెపరెపలాడుతోంది. దోసె తుంచాను గానీ అటు చూడలేకపోయాను. ఆవిడ ఎదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి కదా, నాకే సిగ్గేసి తల వంచుకుని తిన్నాను.