పెద్దమ్మకు నేర్పిన జవాబులు

పెద్దమ్మ పోయిందని సోమవారం పొద్దున అన్న ఫోన్ చేసి చెప్పాడు. ఐదు రోజుల జ్వరం. ఎక్కడ నొప్పో చెప్పలేకపోయిందట. రెండేళ్లుగా ఆమె ఏదీ సరిగా చెప్పలేకపోయేది.

నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచర్. పిల్లల పేర్లకన్నా బరువులే ఆమెకు ముందు గుర్తొచ్చేవి. మీసాలొచ్చిన ఆటో డ్రైవర్‌ని బజార్లో ఆపి, "ఏమ్రా రెండుంబావు కిలోలోడా, గిప్పుడు నీ ఆటోకే బరువైతున్నవ్" అనేది.

"టీచరమ్మా, సవారీల ముందర ఇజ్జత్ తీయకు" అని అతను దండం పెట్టేవాడు.

బరువు కాస్త ఎక్కువ రాయమని తల్లులు బతిమాలితే మాత్రం వినేది కాదు. "నేను ఎక్కువ రాస్తే పిలగాడు బలుస్తడా?"

పొయ్యి మీద పప్పు మరిచిపోవడం మొదలయ్యాక, హైదరాబాద్ డాక్టర్ జ్ఞాపకశక్తి పరీక్ష చేయించమన్నాడు. ఆమె రిటైర్‌మెంట్‌కు ఇంకా ఏడాదిన్నర ఉంది.

"ఫెయిలైతే సెంటర్ల నుంచి తీసేస్తరా బిడ్డా?"

కాన్వెంటులో చదివిన నాకు పరీక్ష అంటే పాసవడమే తెలుసు. ఏమడుగుతారో ఫోన్లో వెతికి వారం రోజులు నేర్పించాను. గడియారం గీయడం, వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవడం. బస్సులో కూడా ఎక్కంలా వల్లించింది: తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. చౌటుప్పల్ దాటాక ఆగి, "గిట్ల జేసుడు తప్పు కాదా?" అంది.

"కాదు పెద్దమ్మా" అన్నాను.

రిపోర్టులో వయసుకు తగినట్టే ఉందని రాశారు. మేం మిఠాయి పంచాం.

ఏడాది తర్వాత ఒక పాపను లోపలే ఉంచి, సెంటర్‌కు తాళం వేసుకుని ఇంటికొచ్చింది. ఏడుపు విని ఎవరో తాళం పగలగొట్టారు. పాపకేమీ కాలేదు. పెద్దమ్మ మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

రెండోసారి పరీక్షలో సైకాలజిస్ట్ మేడమ్ ఇవాళ ఏ వారమని అడిగింది. "తొంభై మూడు, ఎనభై ఆరు..." అదే రాగం.

పాత రిపోర్టు పక్కన పెట్టుకుని మేడమ్, "ఒక్క ఏడాదిలో ఇంత తేడానా?" అంది. నేను చేసింది చెప్పేశాను. ఆమె తిట్టలేదు.

"ఇది మార్కుల కోసం కాదమ్మా. ఏది పోతోంది, ఏది మిగిలుంది అని చూడటానికి. మొదటిది నిజమైతేనే రెండోదానితో పోల్చగలం."

"అప్పుడే తెలిస్తే జబ్బు ఆగేదా?"

"ఆగేది కాదు. కానీ తనకేం కావాలో ఆవిడే మీకు చెప్పగలిగేది."

ఆ ఏడాదంతా నేను పెద్దమ్మను ఏమీ అడగలేదు. పాసైంది కదా అని ఊరుకున్నాను. మీ ఇంట్లోవాళ్లను ఎవరినైనా అలాంటి పరీక్షకు తీసుకెళ్లాల్సి వస్తే, ఏమీ నేర్పకండి.

పోయిన నెల వెళ్లినప్పుడు ఆమె మంచం అంచున కూర్చుని, సెంటర్లో పిల్లలకు ఒలిచినట్టే, ఖాళీ వేళ్లతో గుడ్డు ఒలుస్తోంది. ఒళ్లోంచి లేని పెంకులు దులిపి నావైపు చూసింది.

"ఎవల బిడ్డవే? బక్కగున్నవ్. తిను."

చెయ్యి నా నోటి దగ్గరకు తెచ్చింది. నోరు తెరిచాను. నేను నమిలి మింగేదాకా నన్నే చూస్తూ కూర్చుంది.